ఖానాపూర్ వార్డుకు పడని సవరణ

1966 జూన్‌లో నన్ను హైదరాబాద్ డెస్క్ నుంచి కరీంనగర్‌కు బదిలీ చేశారు. హోదా స్టాఫ్ రిపోర్టర్. పరిధి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండూను. అంత నేలకు ఒక్క మనిషి చాలునని మా యాజమాన్యం నమ్మకం. ఆ మనిషికి సైకిల్ కూడా అక్కరలేదన్నది ఇంకొక నమ్మకం. మాది చొప్పదండి కాబట్టి సొంత జిల్లాకు పంపి ఉపకారం చేస్తున్నామని బదిలీ కాగితం ఇస్తూ చెప్పారు. జీతం పెంచనప్పుడల్లా ఇలాంటి ఉపకారమే ఏదో ఒకటి చేస్తుండేవారు.

నేను వెళ్లింది ఖాళీ కుర్చీలోకి కాదు. అందులో నరహరిరావు గారు ఇంకా కూర్చునే ఉన్నారు. ఆగస్టు ఆఖరుకు ఆయన రిటైరవుతారు, ఈలోగా నేను పని నేర్చుకోవాలి అన్నది ఏర్పాటు. నిజాం రోజుల్లో ఒక ఉర్దూ పత్రికకు రాసి, పోలీసు చర్య తర్వాత తెలుగులోకి మారి, అప్పటి నుంచీ కరీంనగర్‌ను వదలని మనిషి. ఎండాకాలంలో కూడా షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. చాయ సాసర్‌లో పోసుకుని, చల్లారేదాకా దాన్నే చూస్తూ మాట్లాడేవారు.

మొదటి రోజే ఆయన నాకు చెప్పిన మాట ఇది: “తమ్మీ, ఇన్నేండ్ల సర్వీసుల నా వార్తకు ఒక్క సవరణ పడలే. యాదిపెట్టుకో.”

నేను యాదిలో పెట్టుకున్నాను. కాకపోతే అంతకుముందు ఇంకొకటి కూడా యాదిలో ఉంది. డెస్క్ అంటే జిల్లాల నుంచి వచ్చిన వార్తలను దిద్ది, శీర్షిక పెట్టి, కంపోజింగుకు పంపే బల్ల. పడిన తప్పులకు సవరణ వేసేది కూడా ఆ బల్లే. నరహరిరావు గారి వార్తలకు నేను స్వయంగా సవరణలు వేసిన సందర్భాలు ఉన్నాయి. ఒకసారి ఆయన ఒక పంచాయతీ సమితి ప్రెసిడెంటును వార్తలో చంపేసి, ఊరేగింపు జరిపించి, సంతాపసభ కూడా పెట్టించారు. ప్రెసిడెంటు గారు మర్నాడు ఆఫీసుకు ఫోను చేసి తాను బతికే ఉన్నానని విన్నవించుకున్నారు. ఆ విషయం లోపలి పేజీలో, బంగారం ధర కింద, సినిమా ప్రకటన పైన, చీమతలకాయంత అక్షరాల్లో వేశాం. మా పత్రికలో సవరణల చోటు అదే. చదవాలనుకున్నవాడికి కూడా దొరకదు.

కొత్తలో పెద్దాయనతో ఎందుకని ఊరుకున్నాను.

ఇక పని సంగతి. జిల్లా వార్త హైదరాబాద్ చేరే దారులు మూడు: తంతి, ట్రంకు కాల్, బస్సు కవరు. తంతికి, అంటే టెలిగ్రాముకు, మాట మాటకూ లెక్క కాబట్టి చావులకూ రైలు ప్రమాదాలకూ మాత్రమే వాడాలి. ట్రంకు కాల్ దొరకాలంటే సగం రోజు పోస్టాఫీసు బెంచీ మీద గడపాలి. మిగిలింది కవరు. వార్తలు రాసి కవరులో పెట్టి, పైన ఎర్ర సిరాతో ‘ప్రెస్’ అని రాసి, హైదరాబాద్ బస్సు డ్రైవరు చేతికిస్తే ఆయన గౌలిగూడ బస్టాండులో మా మనిషికి అందించేవాడు. బస్సు మధ్యాహ్నం భోజనాల వేళకు కదిలేది. మంత్రులు మాత్రం సాయంత్రం సభలకు వచ్చేవారు. కాబట్టి సభ వార్త సభకు ముందే రాయాలి. దీనికి ఊళ్లోని విలేకరులందరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టి, దానికి ‘ముందు కాపీ’ అని గౌరవంగా పేరు పెట్టుకున్నారు.

జిల్లా పౌర సంబంధాల కార్యాలయం వారు పొద్దున్నే మంత్రిగారు సాయంత్రం మాట్లాడబోయే మాటల సారాంశం టైపు కొట్టించి ఇచ్చేవారు. చప్పట్లు ఎక్కడ పడతాయో కూడా అందులో ఉండేది. దాన్ని ముందేసుకుని మేము భూతకాలంలోకి మార్చి కవరులో పెడతాం. ఏదైనా తేడా జరిగితే సాయంత్రం ట్రంకు కాల్ చేసి వార్త ఆపించాలన్నది నియమం. తేడా జరిగేది తక్కువ. మంత్రులు కూడా ఆ కాగితమే చదివేవారు.

జూలై ఆఖర్లో ఖానాపూర్ కాన్పుల వార్డు ప్రారంభోత్సవం వచ్చింది. ఆదిలాబాద్ జిల్లాలో, నిర్మల్ దాటాక ఉంటుంది ఖానాపూర్. అక్కడి సర్కారు దవాఖానకు ఆనుకుని సమితి డబ్బుతో ఒక వార్డు కట్టారు. మంచాలు వచ్చాయి, పరుపులు వచ్చాయి, తలుపుకు తాళం కూడా వచ్చింది. మంత్రిగారే రాలేదు. ఆయన ఇచ్చిన తేదీలు ఒక్కొక్కటే జారిపోతుంటే కాన్పుకు వచ్చిన ఆడవాళ్లు దవాఖాన వరండాలో, ఒక దుప్పటి అడ్డంగా కట్టుకుని కనేవారు. పక్కనే తాళం వేసిన గదిలో మంచాలు ఖాళీగా ఉండేవి. ప్రారంభం కాని భవనాన్ని వాడరాదని నిబంధన. పిల్లలు పుట్టడానికి అలాంటి నిబంధన ఏదీ పెట్టకపోవడం ప్రభుత్వం పొరపాటే.

ఈసారి తేదీ ఖాయమైంది. పొద్దున్నే సారాంశం వచ్చింది. నరహరిరావు గారు చాయ పక్కన పెట్టి ముందు కాపీ మొదలుపెట్టారు. సారాంశంలో లేనివి కొన్ని ఆయన చేత్తో చేర్చేవారు. అది ఆయన ప్రత్యేకత. ‘జోరువానను సైతం లెక్కచేయక తరలివచ్చిన ప్రజానీకం’ అని రాశారు. వానేమిటి సార్ అన్నాను. కిటికీలోంచి కరీంనగర్ మబ్బును చూపించారు. ‘అనంతరం మంత్రి వార్డులోని బాలింతలను పరామర్శించి పండ్లు పంచారు’ అని కూడా రాశారు. ఇంకా తెరవని వార్డులోకి బాలింతలు ఎక్కడి నుంచి వస్తారని అడిగాను.

“వార్డు అన్నంక బాలింతలు ఉండరా? ఉంటరు. మంత్రి అన్నంక పండ్లు పంచడా? పంచుతడు,” అన్నారు.

ఎంతైనా ముందు కాపీ రాయడంలో ఆయన నాకంటే సీనియర్. కవరు తీసుకెళ్లి డ్రైవరుకు ఇచ్చి వచ్చాను.

ఆ మొత్తం వార్తలో నిజమైంది వాన ఒక్కటే. నిర్మల్ నుంచి ఖానాపూర్ పోయే దారిలో వాగు పొంగింది. మంత్రిగారి జీపు వాగు దాకా వచ్చి, కాసేపు నీళ్లను చూసి, వెనక్కి తిరిగి నిర్మల్ గెస్ట్‌హౌస్‌కు పోయింది. ఆయనతోపాటే ఉన్న పౌర సంబంధాల అధికారి మాకు ఫోను చేయడానికి చాలా తాపత్రయపడ్డాడట. కానీ ఆ వానకే తీగలు తెగి ఫోన్లు మూగపోయాయి. కరీంనగర్‌లో మాకు ఏ సంగతీ తెలియదు. మర్నాడు పత్రికలో మంత్రిగారు వార్డు తెరిచారు, ప్రజలు జయజయధ్వానాలు చేశారు, బాలింతలు పండ్లు తిన్నారు. మా ఒక్కరిదే కాదు, మిగతా పత్రికల్లోనూ అంతే. పండ్లు మాత్రం మా పత్రికలోనే.

పత్రిక ఖానాపూర్‌కు, వాగు తగ్గాక, మధ్యాహ్నం బస్సులో చేరింది. ఆ తర్వాత జరిగింది నాకు అక్కడి దవాఖాన నర్సమ్మా, పోశవ్వ అనే ముసలమ్మా చెప్పగా తెలిసింది.

పోశవ్వది సేద్యం ఇల్లు. ఆమె కోడలు లచ్చుమమ్మకు తొలి కాన్పు. పొద్దటి నుంచి నొప్పులు పడుతూ వరండాలో ఉంది. వాన జల్లు లోపలికి కొడుతుంటే దుప్పటి తడిసి బరువెక్కి తాడుతో సహా కిందపడింది. అదే సమయంలో ఎదురుగా ఉన్న చాయ హోటల్లో ఎవరో పేపరు పైకి చదువుతున్నారు. ఖానాపూర్ పేరు వినబడి పోశవ్వ వెళ్లి మళ్లీ చదివించుకుంది. తర్వాత ఆ పేపరు అడిగి తీసుకుని, చెంగు కింద పెట్టుకుని, వానలోనే నేరుగా తహసీల్దారు దగ్గరికి నడిచింది.

ఇక్కడొక మాట చెప్పాలి. మా వైపు ముసలివాళ్లకు అచ్చుకాగితం మీద ఒక అభిప్రాయం ఉండేది. నిజాం ప్రభుత్వం హుకుములను ‘జరీదా’ అనే సర్కారీ పత్రికలో అచ్చువేసేది. అందులో పడితే అది జరిగిపోయినట్టే. కాదనే మొనగాడు లేడు. ఆ ప్రభుత్వం పోయి చాలా ఏళ్లయినా, అచ్చులో పడింది వార్త మాత్రమేనని, అది అబద్ధం కూడా కావచ్చునని పోశవ్వ వంటివాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లం మేమే. మా నోటితో మేము ఎందుకు చెబుతాం?

తహసీల్దారు ఎదుట పేపరు పరిచి ఆమె అన్నది ఇంతే: “అయ్యా, మంత్రి తెరిచిండట. మరి నీ నౌకరు తాళమెందుకు తియ్యడు?”

మంత్రిగారు రాలేదమ్మా, వాగు వచ్చింది కదా అని ఆయన నచ్చజెప్పబోయాడు.

“వచ్చిండని గీడ రాసి ఉన్నది. రాలేదని ఏడ రాసి ఉన్నదో సూపియ్యి,” అంది పోశవ్వ.

తహసీల్దారు ఇరుకున పడ్డాడు. పేపరు అబద్ధమంటే మంత్రిగారి మాటలు కూడా అబద్ధమనాలి. ఆ మాటలు ఇచ్చింది ప్రభుత్వమే. వార్డు తెరవలేదంటే మంత్రి రాకపోవడాన్ని తాను చాటింపు వేసినట్టవుతుంది. అంత సాహసం ఉన్నవాడైతే తహసీల్దారు ఎందుకవుతాడు? పైగా ఎదుట పేపరు ఉంది, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుంది. తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆ సాయంత్రమే లచ్చుమమ్మ కొత్త మంచం మీద, పొడి పరుపు మీద ఆడపిల్లను కన్నది. వారం తిరగకుండానే మిగతా మంచాలూ నిండాయి.

ప్రభుత్వానికి ఇది పెద్ద ఇబ్బంది తెచ్చిపెట్టింది. మంత్రిగారు ఆగస్టు మొదట్లోనే మళ్లీ తేదీ ఇచ్చారు. తెరవడానికి వస్తున్న మనిషికి తెరవడానికి ఏదైనా ఉండాలి కదా. మంచాల మీదున్న వాళ్లందరినీ వరండాలోకి దింపి, వార్డుకు సున్నం వేసి, తాళం పెట్టి, రిబ్బను కట్టాలని పైనుంచి ఆదేశం. దానికి ముందు వార్డు ఇంకా ప్రారంభం కాలేదని మా పత్రికలో సవరణ పడాలి. లేకపోతే ఆ ముసలమ్మ పేపరు పట్టుకుని మళ్లీ బయల్దేరుతుందని తహసీల్దారు భయం.

ఆ సవరణ టైపు చేయించుకుని పౌర సంబంధాల అధికారి స్వయంగా మా ఆఫీసుకు వచ్చాడు. బెజవాడ వైపు మనిషి, మర్యాదస్తుడు.

“చిన్న మాటే కదండీ నరహరిరావు గారూ. పొరపాటున ప్రచురితమైనది అని రెండు వాక్యాలు వేస్తే సరిపోతుంది. మిగతాది మేం చూసుకుంటాం,” అన్నాడు.

నరహరిరావు గారు సాసర్‌లోని చాయను చూస్తూనే ఉన్నారు. “నా వార్తల తప్పేమున్నది సార్? వార్డు తెరిచి ఉన్నదా లేదా? బాలింతలు ఉన్నరా లేదా? నేను రాసినట్టు అన్నీ అయినయి. ఒక్క మంత్రే రాలే. గా తప్పు మీ దిక్కుది. సవరణ మీరు వేసుకోన్రి.”

తర్వాత ఆ పాత మాట కూడా చెప్పారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క సవరణ పడలేదట, పోతూ పోతూ ఆ మచ్చ వద్దట. నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను. రిటైరయ్యే ముందు ముసలాయన బింకం అనుకున్నాను. అధికారి దండం పెట్టి వెళ్లిపోయాడు. వెళ్లినవాడు ఊరికే ఉండడు కదా.

మరునాడు హైదరాబాద్ నుంచి ఎడిటర్ గారి ట్రంకు కాల్ వచ్చింది. ఫోను నరహరిరావు గారి చెవి దగ్గరున్నా ఆ కంఠం నాకు కూడా వినిపించింది. మంత్రిగారు నొచ్చుకున్నారట. సవరణ పంపితే గొడవ పోతుంది. ఇంకొక విషయం: నరహరిరావు గారికి సర్వీసు రెండేళ్లు పొడిగించే ఆలోచన యాజమాన్యానికి ఉంది, దాన్ని పాడుచేసుకోవద్దు.

ఆ పొడిగింపు ఆయనకు ఎంత కావాలో నాకు తెలుసు. భార్య పోయి చాలాకాలమైంది. పొద్దున ఆఫీసు తాళం తీసేదీ, రాత్రి వేసేదీ ఆయనే. పోస్టాఫీసు, బస్టాండు, కలెక్టరు కచేరీ, చాయ హోటలు – ఈ నాలుగు చోట్లలో ఆయన లేని రోజు లేదు. ఆగస్టు తర్వాత ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మాట మార్చేవారు. ఆయనకు పొడిగింపు వస్తే నేను మళ్లీ డెస్క్‌కు పోవాలి. కాబట్టి ఈ వ్యవహారంలో నా సలహా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఫోను పెట్టేసి, “తమ్మీ, ఖానాపూర్ పోయొద్దాం పా,” అన్నారు.

జగిత్యాల మీదుగా, బస్సులు మారుతూ, గోదావరి దాటి నిర్మల్ చేరాం. అక్కడ ఖానాపూర్ బస్సు ఎక్కాక, ఊరు ఎంత దూరమని ఆయన కండక్టరును అడిగారు. అప్పుడు నాకు అనుమానమొచ్చింది. ఖానాపూర్ డేట్‌లైన్‌తో, అంటే వార్త మొదట్లో ఊరి పేరు వేసి, ఈయన రాసినవి డెస్క్ మీద ఎన్నో దిద్దాను. అక్కడి పంటలు, పంచాయతీలు, పశువుల సంతలు కళ్లకు కట్టినట్టు రాసేవారు.

“ఎన్నడూ రాలేదా సార్?”

“వచ్చే పనేం పడలే,” అన్నారు, ఏ మాత్రం తొణక్కుండా.

దవాఖాన చేరేసరికి సన్నగా వాన. ముందు ఆయన చూసింది వార్డు గోడకున్న శిలాఫలకం. మంత్రిగారి అమృత హస్తములతో ప్రారంభించబడినది అని, జూలై తేదీతో సహా చెక్కి ఉంది. రాయి కూడా ముందు కాపీయే. నరహరిరావు గారి ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. “చూసినవా? రాతి మీద గూడ నా వార్తే ఉన్నది,” అన్నారు.

ఆ సంతోషం లోపలికి వెళ్లేదాకానే. నర్సమ్మ మమ్మల్ని పర్యవేక్షణకు వచ్చిన వాళ్లనుకుని భయపడింది. విలేకరులమని చెప్పాక వరండా చూపించింది. సోమవారం మంత్రి వస్తారు, రేపు పొద్దున్నే అందరినీ ఇక్కడికి దింపమన్నారు అంది. వరండా నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. పైకప్పు రేకుల సందులోంచి ఇంకా కారుతున్నాయి. నరహరిరావు గారు చెప్పులు తడవకుండా పక్కకు జరిగి, జరిగిన చోట కూడా నీళ్లే ఉండటం చూసి ఆగిపోయారు.

లోపల పోశవ్వ మనుమరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేపరు రాసింది ఈయనేనని నర్సమ్మ చెప్పగానే లేవబోయింది.

“నువ్వేనా అయ్యా రాసింది? సల్లంగుండు. నువ్వు రాసినంకనే తాళమొచ్చింది. ఇగ జర గిది గూడ రాయి: గీడికి డాక్టరమ్మ వచ్చిందని, బాయి తవ్విన్రని. నీళ్లకు శానా పరేషానున్నది.”

“నేను రాస్తే కాదవ్వా. అయినంక నేను రాస్త,” అన్నారు నరహరిరావు గారు.

పోశవ్వ ఆయన ముఖంలోకి చూసింది. “గట్ల గాదు గదా అయ్యా. మొన్న నువ్వు రాసినంకనే గదా అయింది,” అంది.

ఈ మాటకు ఆయన షేర్వాణీ జేబులోంచి కలం తీసి, మళ్లీ పెట్టేసుకున్నారు. మంచం మీద లచ్చుమమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. పండ్లు ఏమైనా వచ్చాయా అని ఆయన నర్సమ్మను అడిగారు. ఏ పండ్లని ఆమె అడిగింది. తర్వాత ఆయన ఒక్కరే బజారుకు పోయి అరటిపండ్లు తెచ్చి మంచం మంచానికీ పెట్టి వచ్చారు. నన్ను రావద్దన్నారు. ఆయనకు కోపం వచ్చిందని నడకలోనే తెలుస్తోంది. ఎవరి మీదో అప్పుడు నేను అడగలేదు.

అక్కడే పోస్టాఫీసులో కూర్చుని ఆయన వార్త రాశారు. సవరణ కాదు, ‘పర్యటన వార్త’ అంటాం దాన్ని. ఫలానా రోజు మంత్రి ఫలానా చోటికి వస్తారని ముందుగా తెలిపే నాలుగు వాక్యాలు. ఖానాపూర్ కాన్పుల వార్డును సోమవారం మంత్రి సందర్శిస్తారని, వార్డులో ఉన్న బాలింతలను పరామర్శించి పండ్లు పంచుతారని, వార్డులో పుట్టిన తొలి శిశువుకు స్వయంగా పేరు పెడతారని. దానికి డబ్బు లెక్క చూడకుండా తంతి ఇచ్చారు. ఎవరూ చావకుండా నరహరిరావు గారు తంతి వాడటం డెస్క్‌లో అందరినీ ఆశ్చర్యపరిచిందని తర్వాత విన్నాను. మర్నాడే పడింది, మొదటి పేజీలో. మంత్రిగారు పేరు పెట్టే వార్తను ఆపే ధైర్యం ఎడిటర్ గారికి లేకపోయింది.

మంత్రిగారికి ఆ వార్త బాగా నచ్చిందట. శిశువును ఎత్తుకున్న ఫోటో ఉండాలని, ఫోటోగ్రాఫరును నిజామాబాద్ నుంచైనా సరే పిలిపించమని ఆయన పీఏ కబురు చేశాడు. ఇక వార్డు ఖాళీ చేయించడం ఎలా? బాలింతలు లేకుండా పరామర్శ ఎవరిని? తహసీల్దారు మధ్యాహ్నానికే పరుగున వెళ్లి అప్పటికే వరండాలోకి దింపిన మంచాలను మళ్లీ లోపలికి మోయించాడు. ఆ పూట వానకు రెండు పరుపులు తడిశాయి. వాటి బదులు తన ఇంటి నుంచి పరుపులు తెప్పించాడని నర్సమ్మ చెప్పింది. ఆయన మంచివాడే; హుకుం ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు మంచివాడు.

సోమవారం నేనూ నరహరిరావు గారూ వెళ్లాం. వార్డు గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పొద్దటి నుంచి నర్సమ్మ, వేడినీళ్ల బిందెలు మోసే ఆడవాళ్లు, కోడళ్లకు జావ తెచ్చే అత్తలు అందరూ దాని కిందినుంచి వంగి పోయి వస్తున్నారు. మంత్రిగారు వచ్చి దాన్ని కత్తిరించి, జనంతో నిండి ఉన్న గదిని ప్రారంభించారు. లచ్చుమమ్మ బిడ్డను ఎత్తుకుని ఇందిర అని పేరు పెట్టారు. ఆ ఏడాది మంత్రులు ఏ ఆడపిల్లను ఎత్తుకున్నా వేరే పేరు వినలేదు. పోశవ్వ డాక్టరమ్మ సంగతి, బావి సంగతి అడిగింది. పరిశీలిస్తామన్నారు. తర్వాత జేబులోంచి జూలై నాటి సారాంశమే తీసి చదివారు. చప్పట్లు రాసి ఉన్న చోటల్లా అధికారి ముందుగా మొదలుపెట్టాడు, జనం అందుకున్నారు. పక్కనున్న విలేకరులు రాసుకుంటున్నారు. నరహరిరావు గారు కలం తీయలేదు. ఇదంతా తాను మొన్ననే రాశానన్నారు.

సవరణ పడలేదు. పొడిగింపు కూడా రాలేదు. ఎడిటర్ గారు మళ్లీ ఫోను చేసి చివరిసారిగా అడిగినప్పుడు కూడా ఆయన అదే మాట చెప్పారు: నా సర్వీసుల సవరణ లేదు సార్, ఇప్పుడు వద్దు. యాజమాన్యం ఆయన సేవలను కొనియాడుతూ, ఆగస్టు ఆఖరు రోజునే ఆయన్ను ఇంటికి పంపింది.

వీడ్కోలు సభ బస్టాండు పక్కనున్న హోటలు మేడ మీద, సాయంత్రం. బస్సు మధ్యాహ్నమే కాబట్టి దాని ముందు కాపీ నేను రాశాను. పెద్ద సంఖ్యలో పురప్రముఖులు పాల్గొన్నారని, అశ్రునయనాలతో వీడ్కోలు పలికారని పద్ధతి ప్రకారం అన్నీ వేశాను. కవరు అంటించే ముందు ఆయన తీసుకుని చదివి, అశ్రునయనాలను కొట్టేశారు.

“ఎవడన్న ఏడిస్తే అప్పుడు రాద్దువు,” అన్నారు.

ఆయన చేసిన ఆ ఒక్క దిద్దుబాటే సరైనదని సభ అయ్యాక తెలిసింది. నేను మాత్రం మేడ మెట్ల దగ్గరికి పోయి కళ్లు తుడుచుకుని వచ్చాను. కానీ విలేకరి సొంత సంగతి వార్తలోకి రాదు.

సభ అయ్యాక ఆఫీసు తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇక ఆయన నాకు సీనియర్ కాదు కదా అని ధైర్యం చేసి అడిగాను: “సార్, చచ్చిపోయిన సమితి ప్రెసిడెంటు బతికొచ్చిన సవరణ నేనే వేశాను. ఇంకా రెండు మూడు ఉన్నాయి. మీకు తెలియదా?”

“నాకు ఎరుకే తమ్మీ,” అన్నారు. “గా ఆఫీసరుకు ఎరుక లేదు. ఎడిటరు మర్చిపోయిండు. వరండాల నీళ్లున్నయని చెప్తే ఎవడింటడు? నా ఇజ్జత్ పోతదంటే అందరు ఊకున్నరు.”

మొదటిసారి అధికారికి ఆ మాట చెప్పినప్పుడు కూడా ఆయన మనసులో ఉన్నది వరండాయేనా, లేక అప్పుడు బింకమేనా అని అడిగాను. ఆయన తాళం సరిగ్గా పడిందో లేదో నా చేత లాగించి చూసి, బస్టాండు వైపు నడిచారు.

బావి తర్వాత చాలాకాలానికి తవ్వారు. డాక్టరమ్మ వచ్చారు, ఉండలేదు, మళ్లీ ఇంకొకరు వచ్చారు. ఇవన్నీ జరిగాక, నేను వెళ్లి చూశాక రాశాను. అందువల్ల ప్రతిదీ మిగతా పత్రికల కంటే ఒకరోజు ఆలస్యంగా పడింది. దాని గురించి నాకు మెమోలు కూడా వచ్చాయి.

ఆ ఖానాపూర్ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒకటే: డేట్‌లైన్‌లో ఊరి పేరు వేసే ముందు ఆ ఊరికి పోయి నిలబడాలి. పోకుండా రాసిన వార్త వల్ల ఒకసారి ఒక ఆడపిల్ల పొడి పరుపు మీద పుట్టింది. దాన్ని చూపించి ఎవరూ అదే పద్ధతి పెట్టుకోవద్దు. ఆ పరుపును అక్కడే నిలబెట్టింది పోకుండా రాసిన వార్త కాదు, ముసలాయన పోయి చూసి వచ్చాక రాసింది.